పాడుబడ్డ సోవియట్ సైనిక భవనాలు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు ఇనుము ఎక్కడుండేదో చూడండి

రిగాలో మాస్టర్స్ చదువుతున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: "స్క్రుందా అనే సోవియట్ రాడార్ ఊరి వీడియోలు చూశాం. ఈ వేసవిలో నలుగురం స్నేహితులం కలిసి అక్కడికీ, లియెపాయ సముద్రతీరంలోని సోవియట్ కోటలకీ, లాత్వియాలో అలాంటి ఇంకొన్ని చోట్లకీ వెళ్లాలనుకుంటున్నాం. రేడియేషన్ ఉంటుందా? పోలీసులు పట్టుకుంటారా? ఏమేం తీసుకెళ్లాలి?"

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. లాత్వియాలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. పాత సోవియట్ అపార్టుమెంట్ల స్లాబులు ఇంకెన్నాళ్లు నిలుస్తాయో లెక్కకట్టడం నా ఉద్యోగం. సెలవొస్తే అదే కాలపు సైనిక కట్టడాలు చూస్తూ తిరగడం నా పిచ్చి. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు స్క్రుందా సంగతి. వెళ్లకండి. "జాగ్రత్తగా వెళ్లండి" అనడం లేదు, అసలు వెళ్లొద్దంటున్నాను. మీరు చూసిన వీడియోలు పాతవి. 2018 నుంచి ఆ ఊరు లాత్వియా సైన్యం శిక్షణ ప్రాంతం, జనానికి ప్రవేశం లేదు. ఖాళీ ఇళ్ల మధ్య పోరాటం ఎలా చేయాలో సైనికులు అక్కడ సాధన చేస్తారు. స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు సైనిక ప్రాంతంలో కెమెరాతో దొరికితే ఏమవుతుందో ఊహించుకోండి. అందులోనూ 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక ఇక్కడ ఈ విషయంలో ఎవరూ సరదాగా లేరు. డ్రోన్ అయితే ఇంట్లోనే పెట్టి రండి.

అయినా స్క్రుందా కథ తెలుసుకోవాల్సిందే. మిగతా చోట్లు అర్థం కావడానికి అదే తాళం చెవి. పడమటి దేశాల వైపు నుంచి క్షిపణులు వస్తే ముందే పసిగట్టడానికి సోవియట్ వాళ్లు అక్కడ రాడార్లు పెట్టారు. వాటిని నడిపేవాళ్లకీ, వాళ్ల కుటుంబాలకీ పక్కనే ఒక ఊరు కట్టారు. అపార్టుమెంట్లు, బడి, క్లబ్బు, బ్యారక్స్, అన్నీ ఉండేవి. సుమారు ఐదు వేలమంది ఉండేవాళ్లు. మామూలు పటాల్లో మాత్రం ఆ ఊరు కనపడేది కాదు. సోవియట్ యూనియన్ కూలిపోయింది, రష్యా సైన్యం 1994 ఆగస్టు 31 నాటికి లాత్వియా వదిలి వెళ్లింది. స్క్రుందా రాడార్‌ని మాత్రం ఒప్పందం ప్రకారం ఇంకో నాలుగేళ్లు నడుపుకోనిచ్చారు. సరిగ్గా 1998 ఆగస్టు 31న దాన్ని ఆపేశారు. సగం కట్టి వదిలేసిన కొత్త రాడార్ భవనం 19 అంతస్తుల ఎత్తుండేది. దాన్ని అంతకుముందే, 1995 మే 4న, అమెరికా కంపెనీ ఒకటి పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేసింది. 1990లో లాత్వియా స్వాతంత్ర్య పునరుద్ధరణ ప్రకటించిన తేదీ కూడా మే 4. ఆ రోజునే ఎందుకు కూల్చారో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత ఊరిని వేలం వేశారు. 2010లో, లాత్వియా పాత కరెన్సీలో, పదిహేను లక్షల లాట్‌లకు పైగా పాట పాడినవాళ్లు వెనక్కి తగ్గారు. 2015లో స్థానిక మున్సిపాలిటీ 12,000 యూరోలకి కొనుక్కుంది. ఒక ఊరు ఊరంతా, ఒక మామూలు సెకండ్ హ్యాండ్ కారు ధరకి! ఎందుకంత చవక? అందులో అమ్మగలిగిందేదీ మిగల్లేదు కాబట్టి.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. ఇవి వయసు మీద పడి శిథిలమైన భవనాలు కావు. దోచుకోగా మిగిలిన భవనాలు. ముందు సైన్యం తన యంత్రాలు పట్టుకుపోయింది. తర్వాత రాగి కేబుళ్లు పోయాయి. 1990ల మొదట్లో పక్కనే ఉన్న ఎస్టోనియా, సొంత గనుల్లేకుండానే, రాగి, అల్యూమినియం లాంటి లోహాల ఎగుమతిలో ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. చాలావరకు రష్యా నుంచి సరిహద్దు దాటి వచ్చిన సరుకే అయినా, పాత సైనిక స్థావరాలూ ఆ తుక్కు కుప్పకి తమ వంతు ఇచ్చాయి. రాగి అయిపోయాక ఇనుము మీద పడ్డారు. రేడియేటర్లు, పైపులు, మెట్ల రెయిలింగులు, మ్యాన్‌హోలు మూతలు, లిఫ్టు తలుపులు, నేలమాళిగ మీద కప్పిన ఇనప పలకలు. అదీ అయ్యాక కిటికీ చట్రాలు, చెక్క, చివరికి ఇటుకలు.

కాబట్టి ఇలాంటి భవనంలో అడుగుపెట్టగానే "ఇక్కడ ఇనుము ఎక్కడుండేది?" అని చూసుకోండి. ఇనుము ఎక్కడుండేదో ఇప్పుడు అక్కడ గొయ్యి ఉంటుంది. రోడ్డు మధ్యలో గుండ్రంగా గడ్డి పెరిగిందంటే అది మూత పోయిన మ్యాన్‌హోలు. వరండా చివర చీకటి చతురస్రం కనపడితే అది తలుపు పోయిన లిఫ్టు గుంత. మెట్లకి రెయిలింగు ఉండదు, ఆసరాకి చెయ్యి చాస్తే గాలి తగులుతుంది. ఇక్కడ జనం దెబ్బలు తినేది దయ్యాల వల్లా కాదు, రేడియేషన్ వల్లా కాదు. ఈ కన్నాల వల్ల.

నాకెలా తెలుసంటే, ఇక్కడికొచ్చిన రెండో ఏడాది రిగాకి గంట దూరంలో ఒక పాత బ్యారక్స్‌లోకి దూరాను. పేరు చెప్పను, చెప్తే మీరు వెళ్తారు. నేలంతా పైనుంచి రాలిన సున్నం పెచ్చులు, వాటి మీద నాచు. చూడ్డానికి గట్టి నేలే. కింద హీటింగ్ పైపుల కాలువ ఉంది, దాని మీది ఇనప రేకు ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు, చెత్త మాత్రం ఏదో అట్టముక్క మీద నిలబడి ఉంది. కుడికాలు తొడదాకా దిగిపోయింది. మడమ ఎముక చిట్లింది, పిక్క చీరుకుపోయింది. తోడున్న మిత్రుడు లాగాడు కాబట్టి బయటపడ్డాను. ఆసుపత్రిలో టెటనస్ సూది వేశారు, అది పెద్ద విషయం కాదు. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం "దెబ్బ ఎక్కడ తగిలింది, అక్కడికి వెళ్లడానికి మీకు అనుమతి ఉందా" అని మూడు ఉత్తరాలు రాశారు. స్ట్రక్చరల్ ఇంజనీరు గోతిలో పడ్డాడని ఆఫీసులో ఇప్పటికీ నవ్వుతారు.

ఇంకో విషయం, ఇది మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్లో కాంక్రీటు ఇల్లంటే పిల్లర్లు, బీములు, స్లాబు, అన్నీ అక్కడికక్కడే ఊచలు కట్టి పోత పోసి ఒకే ముక్కగా చేస్తాం. మధ్యలో ఒక గోడ తీసేసినా స్లాబు కదలదు. ఆ అలవాటుతో ఇక్కడి భవనం చూస్తే మోసపోతాం. సోవియట్ పద్ధతిలో స్లాబులు ఫ్యాక్టరీలో తయారై లారీలో వచ్చేవి. లోపల పొడుగ్గా గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. వాటిని తెచ్చి రెండు చివర్లా గోడల మీద ఆనించేవాళ్లు. ఆనేది చాలాసార్లు జానెడు కూడా ఉండదు. అంటే ఆ గోడే స్లాబుకి దిక్కు. ఇటుకల దొంగ ఆ గోడలోంచి నాలుగు వరసలు లాక్కుపోయాడంటే, మీ నెత్తిమీద టన్నుల బరువున్న పలక అలవాటు కొద్దీ నిలబడి ఉందన్నమాట.

దానికి తోడు చలి. పైకప్పు చదునుగా ఉంటుంది, మీద తారు పూసిన షీట్లు. పాతికేళ్లుగా ఎవరూ తారు పూయలేదు. నీళ్లు కారి ఆ గొట్టాల ఖాళీల్లో నిలుస్తాయి. నీరు గడ్డకడితే పరిమాణం సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది. లోపల్నుంచి అలా తోసీ తోసీ స్లాబు అడుగు పెచ్చులూడుతుంది, ఊచలు బయటపడి తుప్పు పడతాయి. ఇది ప్రతి చలికాలం జరుగుతుంది. అందుకే పైఅంతస్తు అన్నిటికన్నా ప్రమాదం. కూలడం కూడా ఎక్కువగా వసంతంలో, మంచు కరిగేటప్పుడు జరుగుతుంది. ఫొటో కోసం పైకప్పు ఎక్కాలనిపిస్తుంది. వద్దు. గది మధ్యలో కాకుండా గోడ పక్కనే నడవమని కొందరు సలహా ఇస్తారు. చెక్క పలకల నేల మీద అది కొంతవరకు నిజమే. కానీ స్లాబు ఆనిన చివరే చితికి ఉంటే గోడ పక్కన నడిచీ లాభం లేదు. తెలియకపోతే నిలబడి చూడండి, అడుగు వెయ్యకండి.

ఇప్పుడు మీ రేడియేషన్ ప్రశ్న. రాడార్ అంటే రేడియో తరంగాలు. కరెంటు ఆపేస్తే అంతటితో సరి, గోడల్లో ఏమీ మిగిలిపోదు. రేడియో తరంగాలకీ, అణు పదార్థాల నుంచి వచ్చే కిరణాలకీ రేడియేషన్ అనే మాటే వాడతారు కాబట్టి ఈ గందరగోళం. క్షిపణి స్థావరాల్లో అణుబాంబులుండే వార్‌హెడ్‌లు ఎప్పుడో తీసుకుపోయారు. అక్కడ నేలని పాడుచేసింది ఎక్కువగా రాకెట్ ఇంధనం. ఆర్-12 అనే సోవియట్ క్షిపణిలో ఆక్సిడైజరుగా, అంటే ఇంధనం మండటానికి ఆక్సిజన్ ఇచ్చేదిగా, నైట్రిక్ ఆమ్లం ఆధారమైన ద్రవం వాడేవాళ్లు. దాన్ని నింపే సైనికులు రబ్బరు సూట్లు వేసుకునేవాళ్లు. కాబట్టి అలాంటి చోట నిలిచిన నీళ్లు, మూసిన డ్రమ్ములు, ట్యాంకులు ముట్టుకోవద్దు.

అయితే రేడియేషన్ అసలు భయమే లేదని మాత్రం అనను. భయం భవనంతో కాదు, చేతిలో పట్టేంత లోహపు ముక్కతో. 1994 అక్టోబరులో ఎస్టోనియాలో తమ్మికు అనే చోట, సోవియట్ కాలపు రేడియోధార్మిక వ్యర్థాల నిల్వలోకి ముగ్గురు అన్నదమ్ములు తుక్కు కోసం దూరారు. ఒకతను చిన్న లోహపు గొట్టం జేబులో వేసుకున్నాడు. అందులో ఉన్నది సీసియం-137. రెండు వారాలు తిరగకుండానే చనిపోయాడు. డాక్టర్లకి మొదట రేడియేషన్ అని తట్టనే లేదు. ఆ ఇంట్లో దాన్ని ముట్టుకున్న పిల్లవాడి చేతుల మీద కాలిన గాయాలు చూశాక అనుమానం వచ్చింది. 1997లో జార్జియాలో, తిబిలిసి దగ్గర లిలోలో, సోవియట్ సైన్యం వదిలేసిన శిక్షణ కేంద్రంలో పదకొండుమంది యువ సైనికులకి ఒంటి మీద పుళ్లు లేచాయి. వెతికితే సైన్యం మరిచిపోయి వదిలేసిన సీసియం ముక్కలు బయటపడ్డాయి, ఒకటి ఏకంగా కోటు జేబులో. తిబిలిసిలో మన ఎంబీబీఎస్ పిల్లలు చాలామంది చదువుతున్నారు కాబట్టి ఇది వాళ్లకీ చెప్తున్నా. మన దేశంలో 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజార్లో జరిగింది కూడా ఇలాంటిదే, అక్కడ అది కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం. ఈ మూడు చోట్లా ఉమ్మడి పొరపాటు ఒక్కటే, అదేమిటో తెలియని లోహాన్ని చేత్తో తాకడం. రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ కొనక్కర్లేదు. వంగి దేన్నీ ఎత్తకపోతే చాలు. సోవియట్ పరికరాల డయళ్ల మీద చీకట్లో మెరిసే, రేడియోధార్మికమైన రేడియం రంగు ఉండేది, అలాంటి మీటరు "సావనీర్" అని బ్యాగులో వేసుకోవద్దు.

ఎత్తొద్దు అన్నందుకు లియెపాయ తీరం ఇంకో సాక్ష్యం. ఇది ఇక్కడివాళ్లు కూడా కొత్తవాళ్లకి చెప్పడం మరిచిపోతారు. బాల్టిక్ తీరంలో అంబర్ (చెట్ల బంక గట్టిపడి రాయిలా మారినది) ముక్కలు దొరుకుతాయని అందరూ ఇసుకలో వెతుకుతారు. సోవియట్ సైన్యం సముద్రంలో బాంబుల సాధన చేసిన చోట తెల్ల ఫాస్ఫరస్ ముక్కలు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. పసుపు రంగు, అచ్చం అంబర్‌లాగే. తడిగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. జేబులో వేసుకుంటే ఆరుతుంది, ఒంటి వేడికి అంటుకుంటుంది, నీళ్లు పోసినా పైకి ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటుంది. లియెపాయ బీచిలో ఇలా కాలినవాళ్లున్నారు. అంబర్ అనుకున్నది దొరికితే జేబులో కాకుండా రేకు డబ్బాలో వేసి, ఒంటికి దూరంగా పట్టుకోండి. అంతకన్నా మంచిది, కొట్లో కొనుక్కోండి.

సరే, ఇన్ని "వద్దు"ల తర్వాత ఎక్కడికి వెళ్లాలి? నా సలహా, ఎవరో ఒకరు తాళం తీసి లోపలికి తీసుకెళ్లే చోట్లతో మొదలుపెట్టండి. మీ వయసు వాళ్లకి టిక్కెట్టు అనగానే నీరసం వస్తుందని తెలుసు. కానీ ఖాళీ గదికి కథ చెప్పేవాళ్లు లేకపోతే అది ఉత్త ఖాళీ గదే. నాలుగు ఫొటోలు తీశాక ఐదోది కూడా అలాగే ఉంటుంది.

నేనైతే ముందు ఇర్బెనె చూపిస్తాను. వెంట్స్‌పిల్స్‌కి ఉత్తరాన, అడవిలో. ఇదీ పటంలో లేని ఊరే, దీని రహస్య పేరు "జ్వెజ్దోచ్కా", అంటే చిన్న నక్షత్రం. 32 మీటర్ల వ్యాసమున్న పెద్ద డిష్ ఒకటి, 16 మీటర్లది ఇంకొకటి. పడమటి దేశాల ఉపగ్రహ సంభాషణలు వినడానికి పెట్టినవి. సైన్యం వెళ్తూ వెళ్తూ మోటార్లలో యాసిడ్ పోసింది, కేబుళ్లలో మేకులు దిగగొట్టింది. పేల్చేయాలన్న మాట కూడా వచ్చింది. లాత్వియా శాస్త్రవేత్తలు బతిమాలి వాటిని దక్కించుకున్నారు, ఏళ్ల తరబడి మేకు మేకుకీ వెతికి బాగుచేశారు. ఇప్పుడవి రేడియో ఖగోళశాస్త్రానికి పనిచేస్తున్నాయి. ఒకప్పుడు మనుషుల మాటలు దొంగచాటుగా విన్న చెవి ఇప్పుడు నక్షత్రాల వైపు తిరిగింది. ముందుగా బుక్ చేసుకుంటే గైడు తీసుకెళ్తారు, రెండు డిష్‌ల మధ్య భూగర్భ సొరంగంలో నడిపిస్తారు. ఆ పెద్ద డిష్ కింద నిలబడి, పైన అది నెమ్మదిగా తిరుగుతుంటే వచ్చే చప్పుడు వినండి. నేను ఐదుసార్లు వెళ్లాను, ఐదుసార్లూ రోమాలు లేచాయి. పక్కనున్న ఖాళీ అపార్టుమెంట్లలోకి మాత్రం దూరొద్దు, కారణం పైన రాశాను.

లీగత్నె రిగాకి దగ్గర. పైన చూస్తే మామూలు ఆరోగ్య కేంద్రం, ఇప్పటికీ జనం చికిత్సకి వస్తారు. తొమ్మిది మీటర్ల కింద రెండు వేల చదరపు మీటర్ల బంకరు. అణుయుద్ధం వస్తే పార్టీ పెద్దలు దాక్కోవడానికి. దాని గుట్టు 2003 దాకా బయటపెట్టలేదు. విశేషమేమంటే దీన్ని ఎవరూ దోచుకోలేదు. గాలి శుద్ధి యంత్రాలు, టెలిఫోన్లు, పటాలు, అన్నీ ఎక్కడివక్కడే. మిగతా చోట్ల ఖాళీ కన్నాలు చూసే ముందు, ఆ కన్నాల్లో ఏముండేదో ఇక్కడ చూడండి. అప్పుడు వేరే బంకర్లో గోడకి నాలుగు బోల్టులు కనిపిస్తే "ఇక్కడ ఫిల్టరుండేది" అని మీరే చెప్పగలుగుతారు. ఆ తృప్తి వేరు. క్యాంటీన్లో సోవియట్ భోజనం కూడా పెడతారు. కారం ఉండదు, పచ్చడి సీసా మీ ఇష్టం.

లియెపాయలో కారొస్తా అనే నౌకా పట్టణం ఉంది. మీరు "సోవియట్ కోటలు" అని రాసిన సముద్రపు శిథిలాలు అక్కడివే. నిజానికి అవి సోవియట్‌వి కావు, జారు చక్రవర్తి కాలానివి. 1890ల్లో మొదలుపెట్టి బోలెడు ఖర్చుతో కట్టారు, 1908లో వాళ్లే పేల్చేశారు. ఇప్పుడు అలలు ఒక్కో దిమ్మెనీ సముద్రంలోకి లాక్కుంటున్నాయి. ఊరికే చూడొచ్చు, టిక్కెట్టు లేదు. బయటినుంచే అందంగా ఉంటాయి, కింది సొరంగాల జోలికి పోవద్దు. దగ్గర్లోనే పాత సైనిక జైలు ఉంది, 1997 వరకు నిజంగానే వాడారు, ఇప్పుడు మ్యూజియం. ఖైదీలాగా రాత్రి పడుకునే ఏర్పాటు కూడా ఉంది, అరుపులు తిట్లతో సహా. నాకు అది నచ్చలేదు. అక్కడ నిజంగా కూర్చున్న కుర్రాళ్లు గోడల మీద గీసుకున్న తేదీలు చూశాక ఆ ఆట ఆడాలనిపించలేదు. మా బావమరిదికి తెగ నచ్చింది. మీ ఇష్టం.

కారుంటే లిథువేనియాలో ప్లొక్ష్తినె తప్పకుండా చూడండి, రిగా నుంచి మూడు గంటలు. ఆర్-12 క్షిపణుల భూగర్భ స్థావరం, 1960లో తవ్వడం మొదలుపెట్టారు. నాలుగు సైలోలు (క్షిపణిని నిలబెట్టే లోతైన గుంతలు), మధ్యలో కంట్రోల్ గదులు, ముప్ఫై మీటర్ల దాకా లోతు. 1962లో క్యూబాకి పంపి ప్రపంచాన్ని వణికించింది ఈ రకం క్షిపణినే. 1978లో మూసేశారు, తర్వాత తుక్కు వాళ్లు దాన్నీ గుల్ల చేశారు, 2012లో ప్రచ్ఛన్న యుద్ధ మ్యూజియంగా తెరిచారు. సైలో అంచున నిలబడి కిందికి చూస్తే, ఎండిపోయిన మోట బావిలోకి చూసినట్టుంటుంది, కాకపోతే అందులో 22 మీటర్ల క్షిపణి నిలబడేది. లాత్వియాలోనే అయితే జెల్తినిలో ఇదే క్షిపణి నేల మీది స్థావరం ఉంది. ఒకప్పుడు మధ్యలో పెద్ద లెనిన్ తలకాయ ఒంటరిగా గడ్డిలో ఉండేది. ఎస్టోనియాలో హారా కూడా బాగుంటుంది, జలాంతర్గాముల ఉక్కు ఒంటికి పట్టిన అయస్కాంత గుణం తీసేసే రేవు. అయస్కాంత మైన్లు పసిగట్టకుండా ఉండటానికి.

జలాంతర్గామి అంటే గుర్తొచ్చింది. విశాఖ బీచ్ రోడ్డులో మనం చిన్నప్పుడు క్యూలో నిలబడి ఎక్కిన కురుసుర ఉంది కదా, దాన్ని భారత నౌకాదళంలోకి తీసుకున్నది 1969 డిసెంబరు 18న, ఈ రిగాలోనే. ఇది తెలిసిన రోజున దౌగవ నది ఒడ్డున నిలబడి చాలాసేపు నీళ్ల వైపు చూశాను. ఇక్కడి సహోద్యోగికి ఆ మ్యూజియం ఫొటో చూపిస్తే, "మీరు దాన్ని పిల్లలకి చూపిస్తారా?" అని ఆశ్చర్యపోయాడు.

ఆ ఆశ్చర్యం వెనక ఉన్నదాన్ని మీరు అర్థం చేసుకోవాలి. మనకి సోవియట్ అంటే విశాలాంధ్ర కొట్లో చవగ్గా దొరికిన బొమ్మల పుస్తకాలు, నున్నటి 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలతో వేసుకున్న నోట్‌బుక్కు అట్టలు. మా నాన్నగారు ఇప్పటికీ ఆ పుస్తకాల గురించి కళ్లు మెరుస్తుండగా మాట్లాడతారు. ఇక్కడివాళ్లకి అది 1940లో వచ్చిన ఆక్రమణ. 1949 మార్చిలో ఒక్క లాత్వియా నుంచే నలభై వేలమందికి పైగా జనాన్ని రైళ్లలో సైబీరియాకి తరలించారు. మీ ఇంటి ఓనరు బామ్మగారు ఆ రైల్లో పుట్టి ఉండొచ్చు. కాబట్టి ఎర్రనక్షత్రం టోపీ పెట్టుకుని శిథిలాల్లో సెల్యూట్ చేస్తూ రీల్స్ తీయొద్దు. బహిరంగ కార్యక్రమాల్లో సోవియట్ చిహ్నాల ప్రదర్శన మీద ఇక్కడ చట్టపరమైన నిషేధం కూడా ఉంది. 2022 ఆగస్టులో రిగాలోని 79 మీటర్ల సోవియట్ విజయ స్తంభాన్నే కూల్చేశారు, అందరూ టీవీలో చూస్తుండగా.

ఇక తీసుకెళ్లాల్సినవి. మడమ కప్పే గట్టి బూట్లు, హెల్మెట్ (సైకిల్‌ది కాదు, సైటు మీద పెట్టుకునేది, ఖరీదేమీ ఎక్కువ కాదు), ఒక్కొక్కరికి రెండేసి టార్చిలైట్లు, తోలు గ్లవ్స్. ఫోన్ లైటుని టార్చి అనుకోవద్దు, దారి తప్పితే అదే ఫోన్‌తో అత్యవసర నంబరు 112కి కాల్ చేయాలి. దుమ్ము లేచే చోట సన్నటి దుమ్మునీ ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు. పైకప్పుల మీదున్న ముడతల రేకులు మన సిమెంటు రేకుల్లాంటివే, ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్. విరిగిన ముక్కల మీద తొక్కుతూ నడవొద్దు. నేల మీద గ్యాస్ మాస్కులు కుప్పలుగా కనపడతాయి. పెట్టుకుని ఫొటో దిగాలని చెయ్యి లాగుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ మాస్కు ఫిల్టర్లలోనే ఆస్బెస్టాస్ ఉండేది, సోవియట్ వాటిని నేను అసలు నమ్మను. దాన్ని ముక్కుకి ఆనించి ఊపిరి పీల్చడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

మాస్కు కాపాడలేనిది ఒకటుంది, మూసి ఉన్న బంకరులో గాలి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలో ఆక్సిజన్ తినేస్తుంది. నీళ్లు నిలిచి ఆకులు కుళ్లిన లోతుల్లో చెడుగాలి చేరుతుంది. మన ఊళ్లో పాత బావిలో పూడిక తీయడానికి దిగినవాడు పడిపోవడం, వాణ్ని తీయడానికి దిగిన ఇంకో ఇద్దరూ పోవడం పేపర్లో చూస్తూనే ఉంటాం. ఇక్కడా అంతే. మెట్లు కిందికి వెళ్తూ, గాలి ఆడక, అడుగున నీళ్లు కనపడితే వెనక్కి తిరగండి. ఒకరు పడిపోతే వెంట ఎవరూ దిగొద్దు, 112కి కాల్ చేయండి.

మీ నలుగురిలో ఎవరూ అడగనిది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది, గోమార్లు. పశువులకి పట్టే పిడుదులే, ఇక్కడ మనుషులకీ పడతాయి. ఈ స్థావరాలన్నీ అడవిలోనే ఉన్నాయి, ఏప్రిల్ నుంచి నవంబరు దాకా గడ్డిలో పొంచి ఉంటాయి. వాటివల్ల వచ్చే మెదడువాపు వైరస్ లాత్వియాలో ఎక్కువ. వచ్చాక దానికి మందు లేదు, ముందే టీకా వేయించుకోవాలి. మొదటి డోసు తర్వాత ఒకటి నుంచి మూడు నెలల్లో రెండోది, ఏడాదిలోపు మూడోది. కాబట్టి వేసవి ప్లాను వేసేవాళ్లు చలికాలంలోనే మొదలుపెట్టాలి. ఇంకో జబ్బు లైమ్, దానికి యాంటీబయాటిక్స్ ఉన్నాయి, ఈ టీకా మాత్రం దాన్ని ఆపదు. ప్యాంటుని సాక్సులో దోపుకోండి, చూడ్డానికి నవ్వొచ్చినా సరే. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో వెతుక్కోండి. కనపడితే నూనె రాయడం, అగ్గిపుల్ల పెట్టడం లాంటి అమ్మమ్మ వైద్యాలొద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి.

సమయం అంటే, నా ఓటు ఏప్రిల్ చివరికి లేదా అక్టోబరుకి. ఆకులుండవు లేదా రాలుతుంటాయి, గడ్డి తక్కువ, కన్నాలు కనపడతాయి. వేసవిలో పచ్చదనం అన్నిటినీ కప్పేస్తుంది. మంచు కాలంలో వెళ్తే ఆ కన్నాల మీద తెల్ల దుప్పటి కప్పి పెట్టినట్టే. మీరు వేసవే అంటున్నారు కాబట్టి గైడు ఉన్న చోట్లకే పరిమితమవ్వండి.

గైడు లేని చోటైతే ముందు అది ఎవరిదో తెలుసుకోండి. "పాడుబడింది" అంటే "ఎవరిదీ కాదు" అని కాదు. మున్సిపాలిటీదో, అటవీ శాఖదో, ఎవరో రైతుదో అయ్యుంటుంది. స్థానిక టూరిజం ఆఫీసుకి ఒక మెయిల్ పెడితే చాలు, రెండు రోజుల్లో జవాబొస్తుంది. నాకు రెండుసార్లు ఓనరే స్వయంగా వచ్చి చూపించాడు, ఒకసారి కాఫీ కూడా ఇచ్చాడు. రష్యా, బెలారస్ సరిహద్దు పట్టీలోకి వెళ్లాలంటే అనుమతి పత్రం తప్పనిసరి, ఆ వైపు స్థావరాలు మీ జాబితాలోంచి కొట్టేయండి. జ్వార్దె దగ్గర పాత వైమానిక బాంబింగ్ రేంజి కూడా కొట్టేయండి, అక్కడ పేలని బాంబులు ఇప్పటికీ బయటపడుతున్నాయి.

ఆగస్టు రెండో వారం శనివారం నేను లియెపాయ వెళ్తున్నాను. కారులో మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి, మీరు నలుగురు. నాలుగోవాళ్లు బస్సులో రావాలి, అదెవరో మీలో మీరే తేల్చుకోండి. టీకా చీటీ చూపించినవాళ్లకి ముందు సీటు.